రెండు చిన్న గీతలు

మా పెద్దాయన సాయంత్రం ఇంటికి వెళ్ళగానే ముందు చేసే పని గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెట్టడం. నాలుగు జతలుంటే లోపలికి వెళ్ళేవారు. మూడే ఉంటే అక్కణ్ణుంచే, "ఒకరు తక్కువొచ్చారేం?" అని కేక వేసేవారు. ఆయన భార్యని నేను పిన్నిగారూ అని పిలుస్తాను. ఆవిడ వంటింట్లోంచి, "ఎక్కడికి పోతామండీ, పారిపోవడానిక్కూడా ఓపికుండాలిగా," అనేవారు. ఆవిడ, కూతురు, కూతురి పిల్లలిద్దరు, వెరసి ఆ ఇంట్లో ఆయన లెక్క నాలుగు. ముప్ఫయ్యారేళ్ళు జైల్లో రికార్డు గుమాస్తాగా చేసిన మనిషికి ఇంతకన్నా మంచి అలవాట్లు వస్తాయనుకోవడం అత్యాశ.

నేను ఆయన ఎదురుబల్ల గుమాస్తాని. పదకొండేళ్ళు ఒకే ఫ్యాను కింద కూర్చున్నాం. ఆ ఫ్యాను గాలి కూడా నా వైపు వచ్చేది కాదు. నాకు నోరెక్కువ, ఓర్పు తక్కువ అని ఆఫీసంతా చెప్పుకుంటారు, కాదని నేనూ అనను. ఆయన గురించి రాయాల్సిన వాళ్ళెవరూ ఏమీ రాయలేదు. రాసిన ఒకే ఒక్క కాగితంలో తప్పు రాశారు. అందుకని నేను రాస్తున్నాను.

ఆయన్ని ఉద్యోగంలోకి తెచ్చింది చేతిరాత. ఇరవై రెండేళ్ళప్పుడు అర్జీ పెట్టుకుంటే, అప్పటి సూపర్నెంటు ఆ అర్జీలో ఏముందో చదవకుండానే, "ఈ రాత ఎవరిదో వాణ్ణి పిలవండి," అన్నాడట. మూడు వందల మంది కోసం కట్టిన జైలు. ఆయన చేరిన రోజున లోపల ఉన్నది రెండు వందల ఎనభై. సాయంత్రాలు ఆవరణలో బంతాట జరిగేదని, ఒకసారి బంతి కిటికీలోంచి వచ్చి ఇంకు సీసా మీద పడిందని చెప్పేవారు. నేను నమ్మేదాన్ని కాదు. నేను చేరేసరికి ఆ ఆవరణలో బంతి కాదు కదా, ఇసక వేసినా కిందికి రాలేట్టు లేదు.

జనం పెరిగిన కొద్దీ జైలు తనని తానే తింటూ వచ్చింది. ముందు మగ్గాల షెడ్డు పోయింది, అందులో మనుషుల్ని పెట్టారు. తరవాత పుస్తకాల గది పోయింది. తరవాత జబ్బు చేసినవాళ్ళ గదిలో సగం పోయింది. చివరికి మా రికార్డు గది కూడా ఇమ్మన్నారు, మేము బల్లలు తీసుకుని మెట్ల కిందకి వచ్చాం. పైకి లేచినప్పుడల్లా మెట్టు నెత్తికి తగిలేది. బొప్పి కట్టని గుమాస్తా మా ఆఫీసులో లేడు. పెద్దాయన నడుం అక్కడే వంగింది, వయసు వల్ల కాదు.

నేను చెప్పబోయే నాటికి లోపల పదకొండు వందల నలభై మంది. నలభై మంది పట్టే హాల్లో నూట యాభై మంది ఉండేవారు. వెల్లకిలా పడుకునే చోటుండదు, అందరూ ఒకే పక్కకి ఒత్తిగిలి పడుకోవాలి. ఒకడు అటు తిరగాలంటే వరసంతా తిరగాలి. అందుకని వరసకొక మనిషిని వాళ్ళే పెట్టుకున్నారు. అతను "తిరగండి" అంటే ఇరవై మందీ ఒక్కసారే తిరుగుతారు. మూడో హాల్లో ఆ పని చేసే అతన్ని తిరుగుడు మేస్త్రీ అనేవారు. బయట అతను నిజంగానే తాపీ మేస్త్రీ. గోడ వంకర కన్ను మూసి చెప్పగలిగే మనిషి. లోపల నాలుగేళ్ళ నాలుగు నెలలుగా మనుషుల్ని పక్కకి తిప్పుతూ ఉన్నాడు.

అతని కోసం వాళ్ళక్క ప్రతి సోమవారం వచ్చేది. వీధి చివర బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసే మనిషి, మేమంతా ఇస్త్రీ అక్క అనేవాళ్ళం. ములాఖత్ కిటికీ దగ్గర కూర్చునే పని రెండేళ్ళుగా నాది. ఆమె చీటీ తీసుకునే ముందు ఒకే ప్రశ్న అడిగేది.

"మావాడి పేరు వచ్చిందా అమ్మా?"

"రాలేదక్కా."

అంతే. ఆమె అడిగేది లిస్టు గురించి. ఆ లిస్టు సంగతి చెప్పాలి. విచారణ జరగకుండానే, పడగల పెద్ద శిక్షలో సగం కాలం లోపలే గడిపేసినవాళ్ళని సొంత మాట మీద వదిలిపెట్టొచ్చని ఒక రూలుంది. మూడు నెలలకోసారి జడ్జిగారు, సూపర్నెంటుగారు కూర్చుని చూస్తారు. చూడ్డానికి వాళ్ళ ముందుండేది మేమిచ్చే లిస్టు. ఆ లిస్టు మేము తయారుచేసేది పెద్ద రిజిస్టరు చూసి. రిజిస్టర్లో వరస నంబరు, పేరు, తండ్రి పేరు, వచ్చిన తేదీ, నేరం, చివర షరా అని గళ్ళుంటాయి. నేరం గడిలో ఏముంటే మనిషి అదే. హత్య అని ఉంటే ఆ లిస్టు ఛాయలకి కూడా రాడు. అంతేకాదు, హత్య కేసువాళ్ళని కోర్టుకి తీసుకెళ్ళాలంటే తుపాకీలున్న కాపలా కావాలి. ఆ కాపలా వాళ్ళు ఎప్పుడూ ఇంకెక్కడో ఉంటారు. వాళ్ళు రాకపోతే ముద్దాయిని తేలేదని కోర్టులో ఫైలు విప్పకుండానే వాయిదా పడుతుంది. తిరుగుడు మేస్త్రీ కేసు అలా ముప్ఫై ఏడుసార్లు వాయిదా పడింది. ప్రభుత్వం ఇచ్చిన వకీళ్ళు ముగ్గురు మారారు, ముగ్గురూ మేము పంపిన లిస్టే చూసి తలూపారు.

"వాడేం చేశాడమ్మా? గోడ దూకాడు. కూలి తగాదా వచ్చి ఆ యజమాని వాడి పనిముట్లు, తాపీ, రసమట్టం, లోపల పెట్టి తాళం వేసుకుంటే, గోడ దూకి తెచ్చుకోబోయాడు," అనేది ఇస్త్రీ అక్క.

"అందరూ అలాగే చెప్తారక్కా," అనేదాన్ని నేను. వెనకాల నూట ఇరవై మంది క్యూ. నిజంగానే అందరూ అలాగే చెప్తారు. మా కిటికీ దగ్గరికి వచ్చే తల్లులెవరి కొడుకూ ఏ తప్పూ చేసి ఉండడు. అది విని విని నా చెవులు తడికలైపోయాయి. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

పెద్దాయనకి మాత్రం జైలు ఎందుకు నిండుతోందో బాగా తెలుసు. రెండేళ్ళ కిందట పెద్దవాళ్ళు కొందరు వచ్చారు, కిక్కిరిసిపోతోందట, ఏం చెయ్యాలో చూడ్డానికి. నాలుగు వందల మంది పట్టే కొత్త భవనం బొమ్మ వేసుకుని తెచ్చారు. పెద్దాయన రిజిస్టర్లు పట్టుకుని నిలబడితే, వాళ్ళలో పెద్దావిడ, "మీరు ఇన్నేళ్ళుగా చూస్తున్నారు, మీకేమనిపిస్తుంది?" అని అడిగింది. ఆయన్ని ఎవరైనా అభిప్రాయం అడగడం అదే మొదటిసారి.

"కట్టండమ్మా, మంచిదే," అన్నారు. "కడితే ఎనిమిది నెలల్లో నిండుతుంది. మగ్గాల షెడ్డు ఆర్నెల్లలో నిండింది."

"మరి?"

"ఈ పదకొండు వందల్లో శిక్షపడినవాళ్ళు మూడు వందల మంది కూడా లేరండి. మిగతావాళ్ళు కేసు తేలక కూర్చున్నవాళ్ళు. చిన్న కేసులవాళ్ళని పట్టుకు రాకుండా, పిలిచినప్పుడు రమ్మంటే వాళ్ళే వస్తారు. పూచీ పడే మనిషి లేడని లోపలున్నవాళ్ళని సొంత మాట మీద పంపొచ్చు. కాపలా లేదని కోర్టుకి పంపలేకపోతే, వారానికోసారి జడ్జిగారే ఇక్కడికి వచ్చి కూర్చుంటే సరిపోతుంది. గదులు చాలక కాదమ్మా, కాగితం కదలక."

వాళ్ళు రాసుకున్నారు. టీ తాగారు. లేచేటప్పుడు పెద్దావిడ తల మెట్టుకి తగిలింది. దాని మీద మాత్రం వెంటనే చర్య తీసుకున్నారు. వారం తిరక్కుండా మెట్ల కింద "తల జాగ్రత్త" అని బోర్డు వచ్చింది.

ఇక అసలు సంగతికి వస్తాను. పెద్దాయన రిటైరవడానికి ఇంకా రెండు నెలలుంది. ఒక సోమవారం ఇస్త్రీ అక్క వచ్చింది. ఎప్పటిలా, "మావాడి పేరు వచ్చిందా అమ్మా?" అంది. ఎప్పటిలా, "రాలేదక్కా," అన్నాను. గుర్తింపు కార్డు అడిగితే సంచిలో వెతుక్కుంది. దొరకలేదు. సంచిని కిటికీ అరుగు మీద బోర్లించింది. దువ్వెన, సబ్బు, బొగ్గు మరకలున్న గుడ్డ, మడత మీద మడత పెట్టిన కాగితం ఒకటి. కార్డు దాని లోపల ఉందేమోనని నేనే విప్పాను. కార్డు లేదు. అది స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు నకలు. ఫలానా తేదీన ఫలానా మేస్త్రీ తన ఆవరణలోకి అనుమతి లేకుండా గోడ దూకి ప్రవేశించెనని యజమాని పెట్టిన ఫిర్యాదు. నేరం: అక్రమ ప్రవేశం. అంతే ఉంది. అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. హత్య అన్న మాట ఎక్కడా లేదు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి నీ దగ్గరుందక్కా?"

"వాణ్ణి పట్టుకుపోయిన రోజునుంచీ. ఏం, పనికొస్తుందా?"

"ఎవరికీ చూపించలేదా?"

"ఎవరూ అడగలేదమ్మా. నాకా చదువు రాదు."

క్యూని వదిలేసి మెట్ల కిందకి పరిగెత్తాను. బోర్డున్నా తల కొట్టుకున్నాను. నాలుగేళ్ళ కిందటి రిజిస్టరు కిందకి దించి ఆ తేదీ తీశాను. ఆ సాయంత్రం రెండు వ్యాన్లలో నలభై ఒక్క మంది వచ్చారు. మొదటి పదకొండు మందీ ఒకే కేసువాళ్ళు, ఒక తగాదాలో ఇద్దరు చచ్చిపోయారు. మొదటివాడి నేరం గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో "హత్య". దాని కింద గడిలో డిట్టో గుర్తు, రెండు చిన్న గీతలు. దాని కింద గడిలో రెండు చిన్న గీతలు. అలా పన్నెండో వరస దాకా. పన్నెండో వరస తిరుగుడు మేస్త్రీది. పదమూడో గడిలో మళ్ళీ అక్షరాలు మొదలయ్యాయి.

వారెంటు కాగితం ఉంటుంది కదా, అందులో అసలు నేరం ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది. గుడ్డలో మూటకట్టి అటక మీద ఉంటుంది. రిజిస్టరు ఉండగా మూట విప్పే ఓపిక పదకొండు వందల మంది మధ్య ఎవడికుంది?

రిజిస్టరు తెచ్చి పెద్దాయన ముందు తెరిచి పెట్టాను. పక్కన ఇస్త్రీ అక్క కాగితం పెట్టాను. నోరు తెరవలేదు. నా జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది అప్పుడే. ఆయన కాగితం చదివారు. పన్నెండో వరస మీద వేలు పెట్టి పైకి జరుపుకుంటూ మొదటి వరస దాకా వెళ్ళారు. మళ్ళీ కిందకి వచ్చారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నా చెయ్యే," అన్నారు.

"ఆ రోజు నలభై ఒక్క మందండీ, ఒక్కరే..."

"నా చెయ్యే అమ్మాయ్. రాత కనపడుతోందిగా."

ఆయన మొహంలో బాధ కన్నా అలసట ఎక్కువ కనిపించింది నాకు. అంత బరువు దించుకోవడానికి చోటు వెతుక్కుంటున్న మనిషిలా ఉన్నారు. తరవాత, "అక్రమ ప్రవేశానికి ఎంత పడుతుంది?" అని అడిగారు. ఆయనకి తెలీక కాదు.

"మహా అయితే ఏడాది."

"మూడేళ్ళ నాలుగు నెలలు ఎక్కువ," అన్నారు. లెక్క ఆయనకి నోటిమీదే ఉంటుంది.

ఇద్దరం సూపర్నెంటుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన చెడ్డవాడేం కాదు. తలనొప్పి మాత్రలు బల్ల మీదే పెట్టుకుని ఉద్యోగం చేసే మనిషి. అంతా విని, తలుపు వేయించి, నెమ్మదిగా చెప్పాడు.

"జడ్జిగారికి ఇవాళే రాద్దాం, మనిషిని పంపేద్దాం. కాని పెద్దాయనా, 'తప్పు జరిగినది' అని రాయండి చాలు. ఎవరు చేశారన్నది రాయకండి. మీకింకా రెండు నెలలే ఉంది. విచారణ మొదలైతే రిటైర్మెంటు కాగితాలు ఆగిపోతాయి. మీ ఇంటి సంగతి నాకు తెలుసు."

మేమందరం అలాగే రాస్తాం. మా ఆఫీసులో ఎవరూ ఏదీ చెయ్యరు, అన్నీ వాటంతటవే జరుగుతాయి. ఫైలు పోయినది, తాళం పోయినది, మనిషి పోయాడు, అన్నీ జరిగినవే. పెద్దాయన జీవితమంతా ఆ భాషలోనే రాశారు.

"జరిగినదని రాస్తే ఎలా జరిగిందని జడ్జిగారు అడుగుతారండి," అన్నారు. "దానికి మనం జవాబు రాయాలి. ఆ జవాబు పైకి వెళ్ళి రావాలి. నెల పడుతుంది. నేను చేశానని రాస్తే ఇంక అడగడానికేముంది, రేపో ఎల్లుండో వదిలేస్తారు."

"నేను మీ మంచికోసం..."

"తెలుసండి. కాని అతను ఒత్తిగిలి పడుకుని నాలుగేళ్ళయింది. ఇంకో నెల వద్దు."

ధర్మం, న్యాయం లాంటి పెద్ద మాటలేం అనలేదాయన. ఏ మాట రాస్తే కాగితం తొందరగా కదులుతుందో ఆయనకి తెలుసు, ఆ మాట రాశారు. "పై తప్పు నేను చేసితిని" అని రాసి సంతకం పెట్టారు. రాత ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది. నాకు ఏడుపొచ్చింది, బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

మూడో రోజు పొద్దున విడుదల కాగితం వచ్చింది. గేటు దగ్గర నేనూ ఉన్నాను. మేస్త్రీ చేతిలో ఒక సంచి. నిలబడటంలోనే అతను ఒక పక్కకి ఒరిగినట్టుండేవాడు. గోడ వంకర కన్ను మూసి చెప్పగలిగినవాడికి తన వంకర తెలిసినట్టు లేదు. పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "నీ కాగితంలో తప్పు రాసింది నేనే," అన్నారు.

మేస్త్రీ సంచి కింద పెట్టాడు. కొడతాడేమోనని కాపలా అతను ఒక అడుగు ముందుకి వేశాడు.

"ఎన్నాళ్ళు ఎక్కువున్నాను సార్?"

"మూడేళ్ళ నాలుగు నెలలు."

"దానికి కాగితమేమన్నా ఇస్తారా?"

"ఇవ్వరు."

"అయితే మీ చేత్తో రాసివ్వండి. ఇన్నాళ్ళు ఎక్కడున్నావంటే చూపించుకోవాలి. నేనెవర్నీ చంపలేదని కూడా రాయండి."

పెద్దాయన గేటు దగ్గరి బల్ల మీద వంగి రాశారు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ నేరానికి, ఏ పొరపాటు వల్ల, అంతా అక్షరాల్లో. మేస్త్రీ దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దణ్ణం పెట్టలేదు, తిట్టలేదు. "నా వరసలో చివర పడుకునే ముసలాయనకి గోడ వైపు చోటిప్పించండి, ఆయనకి దగ్గు," అని చెప్పి వెళ్ళాడు.

క్షమించనిది ఇస్త్రీ అక్క. పెద్దాయన వైపు చూడనైనా చూడలేదు. నా దగ్గరికి వచ్చింది.

"సోమవారం సోమవారం రాలేదక్కా, రాలేదక్కా అన్నావు. ఒక్కసారైనా ఎందుకు రాలేదో చూశావా అమ్మా?"

అక్క అని పిలిస్తే సరిపోతుందనుకున్నాను రెండేళ్ళూ.

ఆ తరవాత పెద్దాయన మిగిలిన రెండు నెలలూ ఒకే పని చేశారు. అటక మీద మూటలన్నీ దింపించి, రిజిస్టర్లలో డిట్టో గుర్తున్న ప్రతి వరసనీ వారెంటుతో సరిచూశారు. గీతలు కొట్టేసి ఎర్ర సిరాతో పూర్తి మాట రాశారు. వేలకి వేలు. మధ్యాహ్నానికి చెయ్యి లేచేది కాదు, ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసేవారు. "ఇంక చాలండీ," అంటే, "మాట రాయడానికి బద్ధకించాంగా అమ్మాయ్, ఇప్పుడు రాస్తున్నాం," అనేవారు. దుమ్ముకి ఇద్దరికీ దగ్గు పట్టుకుంది. మేస్త్రీ అంత ఘోరం మళ్ళీ కనపడలేదు గాని, ఇంకో ఆరుగురు తేలారు. ఒకతను పదకొండు రోజులు ఎక్కువున్నాడు, ఆడవాళ్ళ గదిలో ఒకావిడ ఐదు నెలలు. ఆరుగురూ బయటికి వెళ్ళారు. పొద్దుటి లెక్కలో ఆరు తగ్గింది. ఆ సాయంత్రమే వ్యానులో పద్నాలుగు మంది వచ్చారు.

ఇప్పుడు చెప్పాల్సింది ఒకటి ఉంది. ఆ ఆరు వరసల్లో రెండు నా చేతివి. ఐదు నెలలు ఎక్కువున్న ఆవిడ వరస నాదే. రాత చూడగానే పెద్దాయనకి తెలిసింది, నాకూ తెలిసింది. ఆయన జడ్జిగారికి రాసిన రెండో కాగితంలో ఆరూ తన పేరు మీదే రాసుకున్నారు. "విచారణ ఎలాగూ ఒకటే, ఇద్దరం ఎందుకు," అన్నారు. నోరెక్కువ అని పేరున్నదాన్ని, ఆ వేళ నోరు మెదపలేదు. నాకు ఇంకా ఇరవై రెండేళ్ళ సర్వీసుంది. ఇది నేనిచ్చుకున్న సంజాయిషీ, ఎవరూ అడక్కుండానే.

రిటైరైన రోజు ఆయనకి పూలదండా వెయ్యలేదు, కాగితాలూ ఇవ్వలేదు. విచారణ తేలాక అన్నారు. ఆయన తన పెన్ను నా బల్ల మీద పెట్టి, మెట్టు తగలకుండా వంగి బయటికి వెళ్ళిపోయారు.

నాలుగు నెలలకి పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆయన ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వాల్సిన పని నా మీద పడింది. అప్పటికి ఆ ఇంట్లో చెప్పులు మూడు జతలే ఉంటున్నాయి. కూతురు పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే పనేదో చూసుకుంది. పిన్నిగారు మంచినీళ్ళిచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని ఆర్డరు చదివారు. చర్య తీసుకోవలసిన ఉద్యోగులని ముగ్గురి పట్టిక అది. పేరు, హోదా, అభియోగం. మొదటివాడు అన్నం డబ్బాలో ఫోన్లు దాచి లోపలికి చేరవేస్తూ పట్టుబడ్డ వార్డరు. అతని అభియోగం గడిలో "ఖైదీలకు నిషిద్ధ వస్తువులు చేరవేయుట" అని ఉంది. రెండోవాడు అతనికి తోడున్న సెంట్రీ. గడిలో రెండు చిన్న గీతలు. మూడో పేరు పెద్దాయనది. గడిలో రెండు చిన్న గీతలు.

నేను వచ్చేటప్పుడే చూశాను. ఆయన వేలు ఆ గడి మీద ఆగింది. పైకి వెళ్ళింది. మళ్ళీ కిందకి వచ్చింది. ఆయన నవ్వారు. పదకొండేళ్ళలో ఆయన పళ్ళు అన్నీ నాకు కనపడటం అదే మొదటిసారి.

"ఎవరో పాపం బాగా అలిసిపోయారమ్మాయ్," అన్నారు.

"నవ్వుతారేమిటండీ," అన్నారు పిన్నిగారు. "ఫోన్లు అమ్మాడని అంటారు అందరూ. పిల్లలు బడికెలా వెళ్తారు?"

"సరిచేయిస్తాను పిన్నిగారూ. రేపే అర్జీ పెడతాను," అన్నాను.

"పెట్టు," అన్నారు పెద్దాయన. "మేస్త్రీకి పట్టినంత కాలం పట్టకపోతే చాలు."

మర్నాడే పెట్టాను. పెద్దాయన మీద ఉన్న అభియోగం ఫోన్లది కాదని, ఒక మాట రాయాల్సిన చోట గీతలు పెట్టడమని రాశాను. ఆ వరసల్లో రెండింటిని నేను రాసితిని అని కూడా రాశాను. జరిగినది అని రాయలేదు. ఆ అర్జీ పైకి వెళ్ళి ఇవాళ్టికి ఏడు నెలలు. రిజిస్టర్లో ఇప్పుడు నేను డిట్టో పెట్టను, యాభై మంది వచ్చినా యాభై మాటలూ రాస్తాను. మణికట్టుకి గుడ్డ కట్టుకుంటున్నాను. ఈ పొద్దుటి లెక్క పదకొండు వందల అరవై రెండు.

పెద్దాయన్ని చూడ్డానికి సోమవారాలు వెళ్తాను, కిటికీ మూసేశాక. పోయిన సోమవారం గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఆయన లోపల్నుంచి లెక్కపెట్టుకుంటున్నట్టు వినపడింది. నాలుగో జత నాది. ఆయన బయటికి వచ్చి అడిగారు.

"వచ్చిందా అమ్మాయ్?"

"రాలేదండీ," అన్నాను.